కొరియన్ మేనేజర్ల కింద పని: అందరి ముందు అరవడం వాళ్ల పద్ధతేనా? మనం ఎంతవరకు సర్దుకోవాలి?

పెనుకొండ క్వాలిటీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పెనుకొండ దగ్గర ఒక కొరియన్ కంపెనీలో క్వాలిటీ ఇంజినీరుగా చేస్తున్నాను. కార్ల లోపలివైపు వచ్చే ప్లాస్టిక్ భాగాలు, ముఖ్యంగా డోర్ ట్రిమ్‌లు మా దగ్గర తయారవుతాయి. కంపెనీ పేరు చెప్పను, దయచేసి ఎవరూ ఊహించి రాయొద్దు.

పోయిన నెల నైట్ షిఫ్ట్‌లో ఒక మోల్డింగ్ మెషీన్ (ప్లాస్టిక్‌ను కరిగించి మోల్డ్ అనే అచ్చులోకి ఎక్కించేది) మీద సింక్ మార్కులు రావడం మొదలైంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ప్లాస్టిక్ చల్లబడేటప్పుడు పైభాగం కొంచెం లోపలికి లాగినట్టు గుంట పడుతుంది. ఎదురుగా చూస్తే కనపడదు, లైటు పక్క నుంచి పడేలా పట్టుకుంటే కనపడుతుంది. ఆపరేటర్ సోమందేపల్లి వైపు పిల్లోడు, ఐటీఐ చేశాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. చూసిన వెంటనే ఆ ముక్కలన్నీ ఎర్ర డబ్బాలో వేసి షిఫ్ట్ సూపర్‌వైజర్‌కు చెప్పాడు. ఇద్దరూ కలిసి ప్రెషర్ మార్చి చూశారు, కూలింగ్ టైం పెంచి చూశారు, చివరికి మోల్డ్‌కు వెళ్లే నీళ్ల లైన్లో ఒక పైపు మూసుకుపోయిందని పట్టుకున్నారు. అది శుభ్రం చేసి మెషీన్‌ను దారిలోకి తెచ్చేసరికి తెల్లారింది. చెడ్డ ముక్క ఒక్కటి కూడా బయటికి పోలేదు.

పొద్దున షిఫ్ట్ మారే వేళకు కొరియన్ క్వాలిటీ హెడ్ వచ్చారు. రెండు షిఫ్టుల వాళ్లూ అక్కడే ఉన్నారు. బోర్డు మీద రిజెక్షన్ అంకె చూసి అరవడం మొదలుపెట్టారు. ఒక ట్రిమ్ తీసి బల్లకేసి కొట్టారు. ఇంటర్‌ప్రిటర్ అమ్మాయి సగం చెప్పి ఆగిపోయింది. మొత్తం మీద ఆయన అడిగింది ఒకటే, రాత్రే ఎందుకు చెప్పలేదని. మావాడు తల దించుకుని నిలబడ్డాడు. జవాబు రాకపోయేసరికి ఆయనకు కోపం ఇంకా పెరిగింది.

మర్నాటి నుంచి ఆ పిల్లోడు డ్యూటీకి రావడం లేదు. ఫోన్ చేస్తే వాళ్ల నాయన ఎత్తాడు. "నలుగురి ముందర అన్ని మాటలు పడేదానికి మావాడిని పంపలేదు సార్. చెనిక్కాయలు వేసుకునైనా బతుకుతాం" అన్నాడు.

నేను మధ్యలో ఇరుక్కున్నాను. కారణం తెలియకుండా అర్ధరాత్రి పెద్దాయన్ని లేపి ఏం చెబుతాం? సమస్య తీర్చి, తీర్చామని చెప్పడమే బాధ్యత అని మనకు నేర్పారు. మరి ఇలా అరవడం వాళ్ల సంస్కృతా? అయితే మేం అలవాటు పడాలా? కాదంటే పైవాళ్లకు ఎలా చెప్పాలి? విదేశీ మేనేజర్ల కింద పనిచేసినవాళ్లు తోచింది రాయండి.

గుర్‌గావ్ తెలుగువాడు

జపాన్ వాళ్లతో ఇలా ఉండదు తమ్ముడూ. 1982లో మారుతితో సుజుకీ చేతులు కలిపినప్పుడు మొదట మార్చింది ఇలాంటివే. ఆఫీసరుకూ వర్కరుకూ ఒకే యూనిఫాం, అందరికీ ఒకే క్యాంటీన్, క్యాబిన్లు లేకుండా ఓపెన్ ఆఫీస్. ప్రభుత్వ కంపెనీల్లో ఆఫీసర్ల క్యాంటీన్ వేరు, గది బయట బంట్రోతు వేరు అని అలవాటుపడ్డ మన దేశంలో అప్పట్లో అది చిన్న విషయం కాదు. ఎవరి పళ్లెం వాళ్లే పట్టుకుని వరసలో నిలబడాలి. కొరియావాళ్లకు అలాంటి పట్టింపు తక్కువ. వీలైతే జపాన్ కంపెనీకి మారిపో.

సూళ్లూరుపేట పాతకాపు

గుర్‌గావ్ అన్న చెప్పిన యూనిఫాం, క్యాంటీన్ సంగతి నిజమే, అది గొప్ప మార్పే. అయితే అదే కంపెనీ మానేసర్ ప్లాంట్‌లో 2012 జులై 18న గొడవ జరిగి ఒక హెచ్‌ఆర్ అధికారి ప్రాణం పోయింది. యూనిఫాం అప్పుడూ ఒకటే. పర్మనెంట్ వాళ్లకూ కాంట్రాక్టు వాళ్లకూ జీతాల్లో ఉన్న తేడా మాత్రం ఒంటి మీద బట్టలు చెరపలేదు. అందుకే ఫలానా దేశం మంచిది, ఫలానా దేశం చెడ్డది అనే లెక్కతో ఉద్యోగం మారొద్దని నా మాట.

నా సంగతి చెబుతాను. 1998లో హ్యుందాయ్ శ్రీపెరుంబుదూరు దగ్గర శాంత్రో మొదలుపెట్టిన కాలంలో ఆ చుట్టుపక్కల కొరియన్ సప్లయర్ల దగ్గర పనికి చేరినవాళ్లలో నేనొకణ్ణి. తర్వాతంతా కొరియన్ల పక్కనే గడిచింది. ఇప్పుడు లైన్ లీడర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. పెనుకొండ పిల్లలు కూడా వస్తుంటారు, కాబట్టి నువ్వు చెప్పింది నాకు కళ్లకు కట్టినట్టుంది.

నీ ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. రాత్రి చెప్పాలా వద్దా అనేది ఒకటి. అరవడం అనేది ఇంకొకటి. ఈ రెంటినీ విడదీయకపోతే నువ్వు హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లినా, హెడ్ దగ్గరికి వెళ్లినా మాట నిలవదు. నువ్వు అరుపు గురించి మొదలుపెడతావు, ఆయన రిపోర్టు గురించి జవాబిస్తాడు, ఇద్దరూ బయటికి వచ్చేస్తారు.

ముందు రాత్రి సంగతి. ఆయన పొద్దున ఆరింటికి బోర్డు ముందు నిలబడ్డాడు అనుకో. అప్పుడు కొరియాలో టైమెంత? తొమ్మిదిన్నర. వాళ్లు మనకన్నా మూడున్నర గంటలు ముందుంటారు. అక్కడి ఆఫీసులో ఆయన పైవాళ్లు వచ్చి కూర్చుని, రాత్రి షిఫ్ట్ అంకెలు అడిగే వేళ అది. ఆయన ఫోన్ ఎత్తి జవాబు చెప్పాలి. తనకేమో ఆ అంకె అప్పుడే, బోర్డు మీద, అందరితో పాటే తెలిసింది. మన దగ్గర తెల్లారిందంటే వాళ్ల దగ్గర పని నడుస్తోందని లెక్క. మన నైట్ షిఫ్ట్ వాళ్లకు ఎవరూ ఈ సంగతి చెప్పరు. నేను ట్రైనింగ్‌లో మొదటి గంటలోనే గోడ మీద రెండు గడియారాలు గీసి చూపిస్తాను.

ఇంకొకటి. మీ పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీనే తీసుకో, కట్టినప్పుడు చెప్పిన సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. మూడు వందల పనిదినాలనుకుంటే రోజుకు వెయ్యి. అంటే ఒకటిన్నర నిమిషం గడవకముందే ఇంకో కారుకు డోర్ ట్రిమ్ కావాలి, అదీ ఆ కారు రంగుకు, ఆ మోడల్‌కు సరిపడేది, ఆ వరసలోనే. ఇలా వరసలో సరుకిచ్చే సప్లయర్ల దగ్గర ఉండే స్టాకు గంటల లెక్కలోదే కానీ రోజుల లెక్కలోది కాదు. లైన్ ఆగితే ఆ నష్టం నిమిషాల చొప్పున సప్లయర్ మీద పడుతుంది. రాత్రి రెండింటికి తెలిసి ఉంటే ఆయన డిస్పాచ్ వాళ్లను లేపి స్టాకు లెక్క చూసుకునేవాడు, వేరే మోల్డ్ ఎక్కించమనేవాడు. కారణం ఆయనకు అప్పుడు అక్కర్లేదు. ఎన్ని ముక్కలు పోయాయి, చేతిలో ఎన్ని గంటల సరుకుంది, మళ్లీ ఎప్పుడు కబురు చెబుతారు, ఈ మూడే కావాలి.

మనం పెరిగిన తీరు వేరు. పెద్దవాళ్ల దగ్గరికి సమస్యతో పోకూడదు, పరిష్కారంతో పోవాలి అని ఇంట్లో, బళ్లో నేర్చుకున్నాం. అది గౌరవం అనుకుంటాం. కొరియన్ మేనేజరుకు అదే విషయం దాచడంలా కనిపిస్తుంది. వాళ్ల మగవాళ్లు దాదాపు అందరూ సైన్యంలో చేసి వచ్చినవాళ్లే. ఇప్పటి కుర్రాళ్లకు ఆర్మీలో 18 నెలలు, నలభై యాభై దాటినవాళ్లు ఇంకా ఎక్కువ కాలం చేశారు. జరిగింది జరిగినట్టు ముందు పైకి చెప్పు, కారణం తర్వాత వెతుకు అనే అలవాటు వాళ్లకు అక్కడే పడుతుందని నా నమ్మకం. మీ ఆపరేటర్, సూపర్‌వైజర్ చేసిన పని మంచి పని. మూసుకుపోయిన పైపును రాత్రిపూట పట్టుకోవడం అందరి వల్లా కాదు. లోపం వాళ్లలో లేదు. అర్ధరాత్రి ఎవరికి ఏం చెప్పాలో కంపెనీ రాసిపెట్టలేదు, అదీ లోపం. పది ముక్కలు దాటితే మెసేజ్, యాభై దాటితే ఫోన్, ఇలా మీ లైనుకు తగ్గ అంకె పెట్టించు. అంకె ఉంటే పెద్దాయన్ని లేపాలా వద్దా అనే మొహమాటం ఆ పిల్లోడి నెత్తిన ఉండదు.

ఇక అరవడం. దీన్ని సంస్కృతి అని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. నాకు చాలా కోపం వచ్చే మాట ఇది. 2014 డిసెంబరులో కొరియన్ ఎయిర్ ఉపాధ్యక్షురాలు న్యూయార్క్‌లో విమానం ఎక్కి, గింజలు పళ్లెంలో పెట్టకుండా ప్యాకెట్‌తో ఇచ్చారని సిబ్బందిని అవమానించి, కదిలిన విమానాన్ని వెనక్కి తిప్పించింది. ఆవిడ ఆ కంపెనీ ఛైర్మన్ కూతురు. కొరియాలో జనం భగ్గుమన్నారు. కేసు నడిచింది, కింది కోర్టు ఏడాది జైలు వేసింది, కొన్ని నెలలు జైల్లో ఉంది. ఆ తర్వాత ఇలాంటి ఘటనలు మరికొన్ని బయటపడి, చివరికి చట్టమే మారింది. 2019 జులై 16 నుంచి కొరియాలో పై హోదాను అడ్డం పెట్టుకుని పనిచేసేచోట మనిషిని వేధించడం చట్ట విరుద్ధం. కంపెనీ విచారణ జరపాలి, ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకుంటే శిక్ష ఉంది. తమ దేశంలో తమ ఉద్యోగుల ముందు చేయలేని పనిని పెనుకొండలో చేసి దానికి సంస్కృతి అని పేరు పెడితే ఎలా? ఆ చట్టం ఇక్కడ వర్తించదు, నిజమే. కానీ హెడ్డాఫీసు వాళ్లకు ఈ చర్చ కొత్తది కాదు. ఈ మాట మర్యాదగా, రాతపూర్వకంగా హెచ్‌ఆర్ ద్వారా పంపితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చెయ్యి. ఆ పిల్లోడి ఇంటికి నువ్వే వెళ్లు. ఫోన్‌తో కాదు. వాళ్ల నాయన ముందు చెప్పు, మీవాడు ఆ రాత్రి చేసింది సరైన పని అని.

తిరుపతి మేనేజ్‌మెంట్ టీచర్

పాతకాపు గారు చెప్పినదానికి కొన్ని అంకెలు కలుపుతాను. దేశాల మధ్య పని పద్ధతుల తేడా గురించి గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగులతో చేసిన సర్వేల మీద ఒక కొలమానం తయారుచేశారు. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారు అనే లెక్కలో కొరియా 60, భారతదేశం 77. అంటే ఈ విషయంలో మనమే ముందున్నాం. కొరియన్లు హోదా పిచ్చివాళ్లు అని మనం అనుకోవడం ఎంత సబబో చూసుకోండి. అసలు తేడా ఇంకోచోట ఉంది. ఏం జరుగుతుందో తెలియని స్థితిని భరించలేకపోవడం అనే కొలతలో కొరియా 85, మనం 40. "చూద్దాంలే, అవుతుందిలే" అని మనం తేలిగ్గా ఉండగలిగిన గంటల్లో వాళ్లకు నిద్ర పట్టదు. పెనుకొండ గారి షిఫ్ట్‌లో జరిగింది సరిగ్గా ఇదే అనిపించింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అవి ఒకే కంపెనీ ఉద్యోగులను అడిగి తీసిన దేశ సగటులు, అదీ యాభై ఏళ్ల కిందటివి. మీ క్వాలిటీ హెడ్ ఒక మనిషి, సగటు కాదు. మా విద్యార్థులు ఈ అంకెలు బట్టీపట్టి ఇంటర్వ్యూల్లో చెబుతుంటారు కానీ ఎదుటి మనిషిని ఒక్క ప్రశ్న అడగరు. నాకు అది బాధగా ఉంటుంది.

పెనుకొండ క్వాలిటీ

పాతకాపు అన్నా, రెండు గడియారాల సంగతి నాకు నిజంగా తట్టలేదు. మా షిఫ్ట్ బోర్డు పక్కన కొరియా టైం పెట్టమని అడుగుతాను. ఆదివారం ఆ పిల్లోడి ఇంటికి వెళ్తున్నాను.

కానీ ఒకటి అడగాలి. సర్దుకోవడం ఎప్పుడూ మన వైపు నుంచేనా? వాన పడితే మా వాళ్లు సగం మంది విత్తనానికి పోతారు. పెళ్లిళ్ల సీజన్లో లైన్ నిలబెట్టడానికి మనుషులు దొరకరు. "ఒకే రోజు ఇంతమందికి పెళ్లేంటి, అబద్ధం చెబుతున్నారు" అంటారు మా ప్రొడక్షన్ హెడ్.

అనంతపురం హెచ్‌ఆర్

ఈ ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే ఈ గొడవ మా దగ్గర రోజూ ఉండేది. నేను వేరే కొరియన్ కంపెనీలో హెచ్‌ఆర్‌లో ఉన్నాను.

ఒకే రోజు అందరికీ పెళ్లి ఎందుకో కొరియన్లకు ఎవరూ చెప్పలేదు. మూఢం వస్తే వారాల తరబడి ముహూర్తాలే ఉండవు, ఆషాఢంలో పెళ్లి ఉండదు, ఆ తర్వాత శ్రావణంలో ఒక్కో మంచి రోజున ఊరికి నాలుగైదు పెళ్లిళ్లు. నేను పంచాంగం కొని, ముహూర్తాలున్న తేదీలన్నీ ఎర్ర సిరాతో ప్రొడక్షన్ ప్లాన్ క్యాలెండర్ మీద గుర్తుపెట్టి మా ప్రొడక్షన్ హెడ్ బల్ల మీద పెట్టాను. పాత హాజరు పట్టీలు పక్కన పెట్టి చూపించాను, గైర్హాజరు ఎక్కువున్న రోజులు ఆ ఎర్ర తేదీల మీదే ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశారు. సంవత్సరం మొత్తానిది కావాలన్నారు. ఇప్పుడు ఆ రోజులకు ముందుగానే స్టాకు పెంచుకుంటారు, మెషీన్ల మెయింటెనెన్స్ ఆ తేదీల్లో పెట్టుకుంటారు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసు, ఊళ్లలో జాతరలు కూడా అందులో చేర్చాం.

విత్తనానికి మాత్రం తేదీ ఉండదు. జూన్ జులైలో వాన ఎప్పుడు పడితే అప్పుడే. దానికి వేరే దారి పట్టాం. పొలం ఉన్నవాళ్లెవరో, లేనివాళ్లెవరో ముందే పేర్లు రాసుకుని, వాన పడిన రోజు లేనివాళ్లు ఓటీ చేస్తారు. దసరా, సంక్రాంతికి ఆ ఓటీ చేసినవాళ్లకు సెలవులో ముందు వరస. ఇది మా లైన్ లీడర్లు చెప్పిన ఆలోచన. కొరియన్లు వద్దనలేదు. వాళ్లకు తేదీ కావాలి, అంకె కావాలి, మనిషి పేరు కావాలి. ఆ మూడూ ఇస్తే చాలా విషయాలకు ఒప్పుకుంటారు.

వాళ్లు మారాల్సిన చోట గట్టిగా నిలబడ్డ సంగతి కూడా చెబుతాను. టీమ్ డిన్నర్లు వాళ్లకు చాలా ముఖ్యం. పొయ్యి బల్ల మీదే పెట్టుకుని పంది మాంసం కాల్చుకుంటూ, సోజు అనే వాళ్ల మద్యం తాగుతూ ఆఫీసులో మాట్లాడనివన్నీ అక్కడ మాట్లాడుకుంటారు. కొరియా ట్రైనింగ్‌కు ఎవరిని పంపాలి అనే మాట కూడా అక్కడే పుట్టేది. మా లైన్ లీడర్లలో ఆడపిల్లలు చాలామంది. ఊరికి వెళ్లే కంపెనీ బస్సు తప్పితే ఇంకో బస్సు లేదు, రాత్రి భోజనానికి ఇంట్లో ఒప్పుకోరు. ఆ బల్ల దగ్గర లేకపోతే ఆ పేరు ఎవరికీ గుర్తురాదు. పనిలో ముందున్న అమ్మాయిల పేర్లు జాబితాలో లేకపోవడం చూసి నేను ఊరుకోలేకపోయాను. మధ్యాహ్న భోజనానికి మార్చమన్నాను, ట్రైనింగ్ ఎంపికకు స్కోరు షీటు పెట్టించాను. మొదట్లో మొహం చిట్లించారు. తర్వాతి బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు వెళ్లొచ్చారు, ఒకమ్మాయి ఇప్పుడు షిఫ్ట్ చూసుకుంటోంది.

కాబట్టి పెనుకొండ గారూ, సర్దుకోవడం రెండు వైపులా జరుగుతుంది. కాకపోతే ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి అడగాలి.

గుర్‌గావ్ తెలుగువాడు

పంచాంగం సంగతి చాలా బాగుందమ్మా. ఇక్కడ మా ప్లాంట్‌లోనూ గోధుమ కోతలప్పుడు ఇదే తంటా, మా వాళ్లకు చూపిస్తాను. మానేసర్ గురించి పాతకాపు గారు అన్నది కాదనలేను. ఆ రోజులు ఇక్కడున్నవాళ్లం ఎవరం మర్చిపోలేదు.

పెనుకొండ క్వాలిటీ

అందరికీ ధన్యవాదాలు. చివరగా ఒక్కటి. మా ఇంటర్‌ప్రిటర్ అమ్మాయి ఆ రోజు నుంచి లైన్ మీదికి రావడానికే టెన్షన్ పడుతోంది. ఆయన అన్న మాటలు ఆమె నోటితో చెప్పాల్సి వచ్చిందని మా ఆపరేటర్లలో కొందరు ఆమె మీద కోపంగా ఉన్నారు. ఇదెలా సర్దాలి?

సూళ్లూరుపేట పాతకాపు

ఈ సంగతి నువ్వు అడగకపోతే నేనే రాసేవాణ్ణి. ఇంటర్‌ప్రిటర్లు చాలామంది ఇరవై ఏళ్ల పిల్లలు. భాష నేర్చుకుని వస్తారు, ప్లాస్టిక్ గురించి ఎవరూ చెప్పరు, నేరుగా తీసుకొచ్చి గొడవ మధ్యలో నిలబెడతారు.

ఆ అమ్మాయిని ఒక వారం ప్రశాంతంగా ఉన్న వేళ లైన్ మీదికి తీసుకెళ్లు. సింక్ మార్క్ ఏది, ఫ్లాష్ (అంచుల్లో పొంగిన ప్లాస్టిక్) ఏది, షార్ట్ షాట్ (అచ్చు పూర్తిగా నిండని ముక్క) ఏది, ముక్క చేతికిచ్చి ఆపరేటర్ల చేతే చూపించు. వాళ్లు నేర్పినవాళ్లవుతారు, ఆమె నేర్చుకున్నదవుతుంది, ఆ కోపం చాలావరకు అక్కడే పోతుంది. రాత్రి మెసేజ్‌కు ఒక నమూనా ఆమెతోనే రెండు భాషల్లో రాయించు: మెషీన్ నంబరు, ఏ లోపం, ఎన్ని ముక్కలు, ఎన్ని గంటల స్టాకు, మళ్లీ చెప్పే టైం. ఆపరేటర్ అంకెలు నింపి పంపితే చాలు, అర్ధరాత్రి ఆమెను కూడా లేపక్కర్లేదు.

ఇక హెచ్‌ఆర్ వాళ్లతో మాట్లాడి ఒక నియమం పెట్టించు. లైన్ మీద ఇంటర్‌ప్రిటర్ చెప్పాల్సింది పనికి సంబంధించిన మాటలే. తిట్టు వస్తే ఆమె ఆపేసి, "ఇది మీటింగ్ గదిలో మాట్లాడదాం" అని రెండు వైపులా చెప్పే హక్కు ఆమెకుండాలి. ఆ రోజు ఆమె సగంలో ఆగిపోవడం తప్పేం కాదు, ఆమెకు ఎవరూ ఇవ్వని ఆ హక్కును తానే వాడుకుంది. ఈ మాట ఆమెతో నువ్వే చెప్పు. క్వాలిటీ హెడ్‌తో మాట్లాడేటప్పుడు కూడా ఆమెను కాకుండా వేరే ఇంటర్‌ప్రిటర్‌ను పెట్టుకో. ఆదివారం సోమందేపల్లి వెళ్లొచ్చాక ఏమైందో ఇక్కడ రాయి.